ఆపిల్ గింజలో ఉన్నమాట

ఆ ఆదివారం ఉదయం తాతయ్య వేసుకున్న ప్రణాళికలో రెండే అంశాలున్నాయి. ఒకటి, మనవరాలిని, ఆమెతో పాటు ఆ మేడలోనే ఉండే మరికొందరు పిల్లలను, ఒక బుట్టెడు ఆపిల్ పళ్ళతో సాయంత్రం దాకా ఉల్లాసంగా ఉంచటం. రెండు, ఆ ఉల్లాసంలో ఎక్కడా పాఠం వాసన తగలకుండా చూడటం. మొదటిది కష్టమనీ, రెండవది సులువనీ ఆయన అంచనా వేశాడు. ఆయన జీవితంలో వేసిన అంచనాల్లో ఇంతగా తలకిందులైనది మరొకటి లేదు.

ఉద్యోగకాలమంతా ఆయన పురపాలక సంఘంవారి నీటి పరీక్షాశాలలో గడిపాడు. చివరికి దాని అధిపతిగా ఉండి పదవీ విరమణ చేశాడు. నలుమూలల నుంచి వచ్చే సీసాల్లోని నీళ్ళు తాగవచ్చో తాగకూడదో తేల్చటం ఆయన పని. ఆ పని ఆయనకు ఒక అలవాటును మిగిల్చింది. ఉన్నదాన్ని లేదనడు, లేనిదాన్ని ఉందనడు, కాస్తో కూస్తో ఉన్నదాన్ని ఎంత ఉందో చెప్పకుండా వదలడు. ఆకాశం నల్లగా మూసుకొచ్చినప్పుడు కూడా వాన వస్తుందనడు, రావచ్చు అంటాడు. ఇరుగుపొరుగువాళ్ళు ఏ కబురు మోసుకొచ్చినా ముందు ఆధారం అడుగుతాడు. అందుకే మేడలో అందరూ ఆయన్ను చాటుగా 'ఆధారంగారు' అని పిలుస్తారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అది బిరుదని ఆయన నమ్మకం. ఆ ఒక్క నమ్మకానికి మాత్రం ఆయన ఆధారం అడగలేదు.

అయితే అది మామూలు ఆదివారం కాదు. ఆయన కూతురు ఒక కంపెనీ ఫిర్యాదుల విభాగంలో ఫోన్లు అందుకొనే ఉద్యోగి. మర్నాటి నుంచి ఆమెను సాయంకాలపు షిఫ్టుకు మార్చారు. అల్లుడిది వారంలో సగం రోజులు ప్రయాణాల్లో గడిచే కొలువు. బడి వదిలాక, అమ్మ ఇల్లు చేరేదాకా, ఇంట్లో ముద్దుగా పిట్ట అని పిలుచుకొనే మనవరాలు ఎక్కడ ఉండాలన్నది తేలాలి. ఒకవైపు తాతయ్య, అమ్మమ్మల ఇల్లు ఉంది. మరోవైపు ఈతకొలనూ, ఊయలలూ, రంగురంగుల గోడలూ ఉన్న పిల్లల సంరక్షణ కేంద్రం ఉంది. ముందురోజు ఫోనులో కూతురు దాపరికం లేకుండానే మాట్లాడింది.

"నాన్నా, రేపు పిట్టని కూర్చోబెట్టి ఏమీ నేర్పకు, సరేనా?"

"నేనెక్కడ నేర్పుతున్నాను? అడిగితే చెబుతానంతే."

"అదే వద్దంటున్నా. పోయినసారి ఇంటికొచ్చి ఏమందో తెలుసా? తాతయ్య ఇంటికెళ్తే సెలవు రోజున కూడా పరీక్ష రాసొచ్చినట్టుందమ్మా అంది."

"ఏ ప్రశ్న కష్టంగా ఉందట?"

"నాన్నా!"

"సరే, సరే. ఏమీ చెప్పను."

"సాయంత్రం నేనొచ్చి దాన్నే అడుగుతా. ఇక్కడ ఉంటానంటే ఇక్కడ, ఆ కేంద్రానికి వెళ్తానంటే అక్కడ. దాని ఇష్టానికి నేను అడ్డు చెప్పను. తర్వాత నన్నేమీ అనకు."

ఆ ఇంట్లో మధ్యాహ్నాలు చాలా పొడవైనవి. పత్రికను రెండు భాగాలు చేసుకొని భార్యాభర్తలిద్దరూ చదువుతారు, తరువాత భాగాలు మార్చుకొని చదువుతారు, ఆ పైన చదవటానికి ఏమీ ఉండదు. మనవరాలి బడి సంచికోసం ఆయన అప్పటికే పుస్తకాల బీరువాలో కింది అర ఖాళీ చేసి, తుడిచి, పాత గుడ్డ పరిచి ఉంచాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఉదయాన్నే వీధి మలుపులో బండి పెట్టుకొనే పళ్ళావిడ దగ్గరికి బుట్టతో వెళ్ళాడు. ఆపిళ్ళ కాలం కావటంతో బండి నిండా అవే ఉన్నాయి.

"ఇవాళేంటి బాబాయ్‌గారూ, బుట్టెడు? ఎప్పుడూ చేత్తో పట్టుకెళ్ళేన్నే కదా తీసుకుంటారు!"

"మనవరాలొస్తోందమ్మా."

"అయితే ఈ ఎర్రవి పట్టుకెళ్ళండి. తియ్యగా ఉంటాయి."

"రంగుకీ తీపికీ సంబంధం ఉందనటానికి..."

"ఆధారం లేదు, తెలుసు. పట్టుకెళ్ళండి."

ఇంట్లో అమ్మమ్మ ఏర్పాట్లన్నీ చేసింది. ఆపిల్‌ను అడ్డంగా కోసి, రంగులో ముంచి, పాత దిండు గలీబుల మీద ముద్రలు వేయటం ఒక ఆట. ప్లాస్టిక్ టబ్బు నిండా నీళ్ళు పోసి, అందులో తేలే పండును చేయి తగలకుండా పళ్ళతో పట్టుకోవటం రెండవది. తొక్కను తెగకుండా ఎవరు పొడవుగా తీస్తారన్నది మూడవది. అది పెద్దపిల్లలకే, చాకు అమ్మమ్మ చేతిలోనే.

"మీరు కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడితే చాలు" అన్నదామె.

"ఒక్క చిన్న ఆట నాది కూడా ఉండనీ. ముక్కలు కోసి పెడతాం. ఒకదానికి నిమ్మరసం, ఒకదానికి ఉప్పునీళ్ళు, ఒకదానికి తేనె, ఒకటి ఊరికే. ఏది ముందు ఎర్రబడుతుందో పందెం. పందెమంటే ఆటే కదా?"

ఆమె ఆయన ముఖంలోకి అనుమానంగా చూసింది. "ఎందుకు ఎర్రబడుతుందో చెప్పనని మాటివ్వండి."

"ఇచ్చాను."

పిల్లలు వచ్చారు. తొలి గంటల్లో అంతా సవ్యంగానే సాగింది. గలీబుల మీద ఎర్రని ముద్రలు పడ్డాయి, వాటితో పాటు గోడ మీదా, అమ్మమ్మ చీర మీదా, ఒక పిల్ల చెవి మీదా పడ్డాయి. టబ్బులోని నీళ్ళు సగం నేల మీదికి చేరాయి. మనవరాలు మొహమంతా తడుపుకొని, పంటితో పండు పట్టుకొని, గుమ్మం దగ్గర గెంతింది. చప్పట్లు కొట్టటం తప్ప మరేమీ చేయకుండా తాతయ్య కుర్చీలో కూర్చున్నాడు. తన పందెం ముక్కల పళ్ళెం బల్ల మీద ఉంది. ఆటల్లో ఎవరైనా వాటిని నోట్లో వేసుకుంటారేమోనని ఆయన ఒక కాగితం మీద రాసి పళ్ళేనికి ఆనించి నిలబెట్టాడు. ఏం రాయాలని ఆలోచించలేదు. పరీక్షాశాలలో ప్రతి నమూనా పక్కనా పెట్టే మాటలే చేతికి వచ్చాయి, అది కూడా ఎర్ర సిరాలో: 'తినరాదు. పరీక్షలో ఉన్నవి.' పిల్లల బొమ్మల మధ్య ఆ కాగితం ఎలా కనిపిస్తుందన్నది ఆయనకు తట్టలేదు. ఆ తరువాత చాలా రోజులు ఆయనకు తట్టింది అదొక్కటే.

అసలు మాట మాత్రం నోటి నుంచి జారింది. పిల్లల్లో ఒకడు, బొద్దుగా గుండ్రంగా ఉంటాడని అందరూ బంతి అని పిలిచేవాడు, ఆపిల్‌ను తొడిమ తప్ప ఏమీ మిగల్చకుండా తినే అలవాటున్నవాడు. అది చూసి ఇంకొక పిల్ల వేళాకోళం చేసింది.

"ఒరేయ్ బంతీ, గింజలు కూడా తిన్నావా? నీ కడుపులో చెట్టు మొలుస్తుంది!"

"నిజంగానా?" అన్నాడు బంతి, పొట్ట పట్టుకొని.

"మా నాయనమ్మ చెప్పింది. కొమ్మలు చెవుల్లోంచి వస్తాయి."

తాతయ్య కుర్చీలో కదిలాడు. అమ్మమ్మ వంటగదిలో తొక్కలు పారేస్తోంది. కుర్చీలో ఇంకా కదిలాడు. ఒక అసత్యం ఆయన ఇంట్లో, ఆయన కళ్ళముందు, కొమ్మలు వేసి చెవుల్లోంచి బయటికి వస్తోంది.

"చెట్టు మొలవదర్రా. కడుపులో మట్టి లేదు, వెలుతురు లేదు, ఎలా మొలుస్తుంది? గింజల్లో చెట్టు సంగతి కాదు, ఇంకో సంగతుంది."

"ఏంటి?"

"నమిలితే అందులోంచి విషం పుడుతుంది."

అంతదాకా ఆయన మాట్లాడితే కిటికీలోంచి బయటికి చూసే మనవరాలు, నోట్లోని పండు తీసి, కళ్ళు పెద్దవి చేసుకొని వచ్చి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"నిజం విషమా తాతయ్యా?"

ఆ చెయ్యి ఆయన్ను ఓడించింది. ఇచ్చిన మాట గుర్తులేదు. ఆ విషం పేరు చెప్పాడు, ఎలా పుడుతుందో చెప్పాడు. నమలకుండా మింగితే గింజ ఎలా వచ్చిందో అలాగే బయటికి పోతుందని చెప్పినప్పుడు పిల్లలు పడీపడీ నవ్వారు. ఒకటీ రెండూ నమిలినా ఏమీ కాదనీ, జబ్బు చేయాలంటే గుప్పెళ్ళకు గుప్పెళ్ళు నమలాలనీ వివరించాడు. "తాతయ్యా, ఇంకోటి చెప్పు" అంది మనవరాలు. జన్మలో ఆయన విన్న ప్రశంసల్లో అదే గొప్పది. ఆ సంతోషంలో, బంతి 'విషం' అన్న మాట దగ్గరే లేచి వెళ్ళిపోయాడన్నది ఆయన గమనించలేదు. గుప్పెళ్ళ సంగతి బంతి వినలేదు.

బంతి తల్లి ఆ మేడ నివాసుల సంఘానికి అధ్యక్షురాలు. కొడుకు ఇంటికి వచ్చి, చెప్పులు వరుసగా విడిచి, మంచమెక్కి వెల్లకిలా పడుకొని, చేతులు గుండెల మీద పెట్టుకోవటం ఆమెకు విడ్డూరంగా తోచింది.

"ఏంట్రా ఆ పడుకోవటం?"

"నేను కాసేపట్లో చచ్చిపోతానమ్మా. నా రంగు పెన్సిళ్ళు చెల్లికిచ్చెయ్. విరిగినవి మాత్రం."

ఏమైందని అడిగితే, ఆధారంగారి ఆపిల్ తిన్నాననీ, అందులో విషముందని తిన్నాక చెప్పారనీ అన్నాడు. ఆమె మెట్లు రెండేసి దూకుతూ పైకి వచ్చింది. తలుపు తీసే ఉంది. ఎదురుగా పళ్ళెం, పళ్ళెంలో రంగు మారుతున్న ముక్కలు, పక్కన ఎర్ర అక్షరాల కాగితం. టబ్బులో మునిగీ తేలే ఆపిళ్ళు. వసారా తీగ మీద ఎర్ర మరకలతో ఆరుతున్న గుడ్డలు.

"అంకుల్, ఆపిల్లో విషముందన్నారట?"

"ఆపిల్లో కాదమ్మా. గింజలో."

"గింజ ఆపిల్లోదే కదా?"

"అవుననుకో. కానీ..."

"ఉందా, లేదా? ఒక్కటి చెప్పండి."

"ఉంది. కానీ ఎంత ఉందన్నది..."

ఆయన మాట్లాడే ప్రతి వాక్యంలోనూ అసలు విషయం 'కానీ' తరువాత ఉంటుంది. ఆ రోజు ఎవరూ అక్కడిదాకా ఆగలేదు. ఆమె అప్పటికే ఫోనులో పళ్ళేన్ని, కాగితాన్ని, టబ్బును ఫోటోలు తీసి కిందికి దిగుతోంది. ఆమె మెట్లు దిగేలోపే మేడలోని ఫోన్లన్నీ ఒకదాని తరువాత ఒకటి మోగాయి. సంఘం గ్రూపులో సందేశం ఇలా ఉంది: 'ఎవరూ ఆపిల్ తినకండి. మన ల్యాబు అంకుల్ స్వయంగా కనిపెట్టారు. పరీక్ష నడుస్తోంది. ఫోటోలు చూడండి.'

జీవితమంతా ఆధారం అడిగినవాడికి ఆధారాలు ఎంత పనిచేస్తాయో ఆ మధ్యాహ్నమే తెలిసింది. కాగితం, ఆయన పరీక్ష చేస్తున్నాడనటానికి ఆధారం. టబ్బు, పళ్ళకు పట్టిన మందును ఆయన కడుగుతున్నాడనటానికి ఆధారం. వసారాలోని గుడ్డల గురించి ఎవరూ ఏమీ అనలేదు, చూసి నిట్టూర్చారు. కింది అంతస్తులోని బీమా ఏజెంటు గసపెడుతూ పైకి వచ్చాడు.

"సార్, నేను పొద్దున్నే ఒకటి తినేశాను. నాకింకెంతసేపుంది?"

"గింజలు నమిలారా?"

"లేదనుకుంటా."

"అయితే మీకేం కాదు."

"నమిలుంటే?"

"ఎన్ని నమిలారన్నదాన్ని బట్టి..."

బీమా ఏజెంటు మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఎదుటివాళ్ళకు ఎప్పుడూ ఏమైనా కావచ్చని చెప్పి బతికిన మనిషి. ఆ మాట తనదాకా రావటం అదే మొదలు.

వంటగదిలోంచి అమ్మమ్మ తడి చేతులతో వచ్చింది. "లేదు అని ఒక్క ముక్క అనలేరా? రెండక్షరాలు!"

"ఉన్నదాన్ని లేదని ఎలా అనను?"

"మీ సంగతి నాకు తెలీదూ? పెళ్ళికి ముందు మా అమ్మ అడిగింది, మా అమ్మాయి నచ్చిందా బాబూ అని. ఇంతవరకూ చూసినంతలో నచ్చింది అన్నారు."

"అది నిజమే కదా!"

"ఆ నిజానికి మా అమ్మ వారం రోజులు కన్నీళ్ళు పెట్టుకుంది."

ఇంతలో మనవరాలు వసారాలోంచి కేకేసింది. "తాతయ్యా, కింద పళ్ళావిడ బండి చుట్టూ జనం ఉన్నారు. తోసుకుంటున్నారు."

ఆయన గబగబా దిగాడు. వెనక అమ్మమ్మ, ఆమె వెనక పిల్లలు. వీధి మలుపులో బండి సగం వంగి ఉంది. మేడవాళ్ళతో పాటు ఎదుటి వీధివాళ్ళు, దారినపోయేవాళ్ళు కూడా చేరారు. అధ్యక్షురాలు ముందు నిలబడి, పళ్ళన్నీ చెత్తబండిలో పారేయాలని గట్టిగా చెబుతోంది. పళ్ళావిడ రెండు చేతులూ చాపి బండికి అడ్డంగా నిలబడింది.

"పొద్దున కొన్నవాళ్ళంతా బానే ఉన్నారు కదమ్మా! ఏం మందు కొట్టాను నేను? నా పిల్లలు కూడా ఇవే తింటున్నారు."

"నువ్వు కొట్టలేదేమో. ఎవరు కొట్టారో ఏమో. ల్యాబులో పనిచేసినాయనే చెప్పారు."

ఆయన్ను చూడగానే ఆమె ముఖం తేటపడింది. "అరుగో, ఆయనే వస్తున్నారు! బాబాయ్‌గారూ, మీ మాటంటే వీళ్ళకి గురి. మీరే చెప్పండి. నా పళ్ళలో ఏమన్నా ఉందా?"

జనం పక్కకు తప్పుకొని దారి ఇచ్చారు. అంతమంది తన మాటకోసం ఒకేసారి ఎదురుచూడటం ఉద్యోగంలో కూడా ఆయన ఎరగడు. గొంతు సవరించుకొని, నీటి నివేదిక చదివినంత జాగ్రత్తగా మొదలుపెట్టాడు.

"ఈమె పళ్ళలో ప్రత్యేకంగా ఏ దోషమూ లేదు. ప్రపంచంలో ఏ ఆపిల్ తీసుకున్నా దాని గింజలో సహజంగానే కొంత..."

"విన్నారా! అన్ని ఆపిళ్ళలోనూ ఉందట!" అని ఎవరో అరిచారు.

"ప్రపంచమంతా ఉందట!" అన్నారు ఇంకెవరో.

ఎవరి చెయ్యి తగిలిందో తెలియదు. వంగి ఉన్న బండి పూర్తిగా ఒరిగింది. ఎర్రని పళ్ళు, ఉదయం ఆమె ఏరి పేర్చినవి, బాట మీదికి దొర్లాయి. కొన్ని కాళ్ళ కింద నలిగాయి. కొన్ని మురుగుకాలువలోకి ఒకదాని వెంట ఒకటి జారాయి. పళ్ళావిడ వంగి ఏరబోయి, ఎటువైపు ముందు ఏరాలో తెలియక, నేల మీద చతికిలబడింది. ఏడవలేదు. ఆయన వంక మాత్రం చూసింది. పరీక్షాశాలలో ఎన్నో కుటుంబాల బావులను పనికిరావని తేల్చిన మనిషి, పనికొచ్చేదాన్ని పనికిరాకుండా చేయటం అదే తొలిసారి.

అమ్మమ్మ ఆయన మోచెయ్యి పట్టుకొంది. గొంతు తగ్గించింది. "ఉంది అనకండి. వివరించకండి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి లేదనండి. మీ సైన్సుకేం కాదు. ఆవిడ బతుకు పోతోంది."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. పిల్లల గుంపులో మనవరాలు నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ ఆయన చెప్పినదంతా వేళ్ళ మీద లెక్క పెట్టుకున్న పిల్ల. ఆయన మళ్ళీ జనం వైపు తిరిగాడు.

"ఏమీ లేదు" అన్నాడు.

జనం ఆగారు.

"గింజల్లో ఏ విషమూ లేదు. పొద్దున పిల్లలకు కథ చెప్పాను. నవ్వించటానికి. ఆ కాగితం కూడా ఆటలో భాగమే. అంతా ఉత్తదే."

బాట మీది నుంచి ఒక పండు తీసి, చొక్కాకు తుడుచుకొని, కొరికి, మధ్యభాగం దాకా వెళ్ళి, గింజలతో సహా కరకరా నమిలి మింగాడు. ఆ కాసిని గింజలు తననేమీ చేయవని ఆయనకు కచ్చితంగా తెలుసు. చేదు మాత్రం చాలాసేపు నోట్లో ఉండిపోయింది.

విచిత్రం ఏమిటంటే, పొద్దుటి నుంచి ఆయన చెప్పిన నిజాల్లో ఒక్కటి కూడా చివరిదాకా విననివాళ్ళు, ఆ అబద్ధాన్ని మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా శ్రద్ధగా విన్నారు. ఎవరూ ఆధారం అడగలేదు. బీమా ఏజెంటు దీర్ఘంగా ఊపిరి వదిలాడు. అధ్యక్షురాలు కొంగు సర్దుకొంది.

"పెద్దవాళ్ళయ్యుండి పిల్లలతో ఇలాంటి పరాచికాలేంటి అంకుల్? మావాడు ఆస్తులు పంచేశాడు ఇంట్లో."

"పొరపాటైందమ్మా."

"ఇంకెప్పుడూ ఇలా లేనిపోనివి పుట్టించకండి. మేడంతా కంగారుపడిపోయింది."

లేనిపోనివి పుట్టించావన్న నింద ఆయన మీద పడటం, దాన్ని ఆయన తలవంచుకొని ఒప్పుకోవటం, రెండూ ఆ వీధి చరిత్రలో కొత్తవే. జనం చెదిరిపోయారు. కొందరు పోతూ పోతూ పళ్ళావిడను పలకరించి, నేల మీద దొర్లినవాటిని తగ్గించి ఇస్తావా, దెబ్బతిన్నాయి కదా అని అడిగారు. బంతి మాత్రం మంచం దిగి వచ్చి, బండి చక్రం పక్కన కూర్చొని, తొడిమ తప్ప ఏమీ మిగల్చకుండా ఒకటి పూర్తి చేశాడు.

తాతయ్య నేల మీద మోకాళ్ళూని, మంచివి ఒకవైపు, నలిగినవి ఒకవైపు ఏరసాగాడు. మంచివి తక్కువ. పళ్ళావిడ ఎదురుగా కూర్చొని తానూ ఏరింది. కాసేపటికి అన్నది.

"ఈ మాటేదో ముందే అనుంటే నా పళ్ళు మిగిలేవి కదా బాబాయ్‌గారూ."

ఆయన దగ్గర ఒక సుదీర్ఘమైన సమాధానం ఉంది. గింజ గురించి, పరిమాణం గురించి, పుకారు గురించి. చేతిలోని నలిగిన పండును పక్కన పెట్టాడు.

"తప్పు నాదే తల్లీ" అన్నాడు. ఆ వాక్యం తరువాత 'కానీ' రాకపోవటం విని, బండి పట్టుకొని నిలబడ్డ అమ్మమ్మ తల తిప్పి చూసింది. నలిగిన పళ్ళన్నీ తనకే కావాలని, ఆవిడ ఎంత వద్దన్నా వినకుండా, ఆయన రెండు బుట్టలకు ఎత్తించుకొని మేడెక్కాడు. ఆ పళ్ళతో ఇల్లు మూడు పూటలు కుళ్ళు వాసన వేసింది. ఆవిడ మర్నాడు కూడా ఆ మలుపులోనే బండి పెట్టింది కానీ, ఆయన్ను చూసి ఆధారం సంగతి ఎత్తి నవ్వటం మానేసింది. అడిగిన పళ్ళు ఇచ్చేది, అంతే. అది ఆయనకు చాలాకాలం గుచ్చుకొంది.

సాయంత్రం కూతురు వచ్చేసరికి ఆమె ఫోనుకు కథ అంతా ముందే చేరింది. గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ నవ్వటం మొదలుపెట్టింది.

"నాన్నా, నువ్వు అబద్ధమాడావా? నిజంగా నువ్వేనా?"

"నవ్వకే. నాకు సిగ్గుగా ఉంది."

"సిగ్గెందుకు? నాకెంత హాయిగా ఉందో తెలుసా! ఇన్నేళ్ళకి ఒక మామూలు మనిషి ఎలా మాట్లాడాలో అలా మాట్లాడావు. రోజూ నా ఫోనులో అరిచేవాళ్ళకి కూడా కావలసింది అదే. సరే అండీ, అయిపోతుందండీ. అంతే." ఆమె తన కూతురి తల నిమిరింది. "చెప్పవే పిట్టా. రేపట్నించి ఎక్కడుంటావు? ఆ ఈతకొలను దగ్గరా, ఇక్కడా?"

తాతయ్య కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. వీధిలో చూడవలసినది ఏమీ లేదు. అయినా చూశాడు.

"ఇక్కడే" అంది మనవరాలు.

అమ్మమ్మ కళ్ళొత్తుకుంది. తాతయ్య వెంటనే వెనక్కి తిరగలేకపోయాడు. తిరిగేసరికి మనవరాలు ఎదురుగా నిలబడి ఉంది. పొద్దున మోకాలి మీద చెయ్యి వేసినప్పటి ముఖం కాదు అది. అంతకన్నా పెద్దదానిలా ఉంది.

"తాతయ్యా, గింజలో విషం ఉందా, లేదా?"

"ఉంది తల్లీ. కొంచెం."

"మరి కింద లేదన్నావు?"

"అన్నాను."

"అంటే కింద అన్నది అబద్ధం."

"అవును."

"పొద్దున చెప్పింది నిజం."

"అవును."

"అందరి ముందూ అబద్ధం చెప్పినప్పుడు కూడా నీ మొహం ఇలాగే ఉంది." ఆమె కొంచెం ఆలోచించింది. "మరి ఇప్పుడు చెప్పేది ఏదో నాకెలా తెలుస్తుంది?"

కూతురు పకపకా నవ్వి, సంచి భుజాన వేసుకొంది. తాతయ్య నవ్వలేదు. పళ్ళావిడ సంగతి చెబుదామనుకున్నాడు. అయితే మంచిపనికి అబద్ధం ఆడవచ్చా అని ఆ పిల్ల అడుగుతుంది. ఆడవచ్చంటే ఒక చిక్కు, ఆడకూడదంటే ఇంకో చిక్కు. నీళ్ళనయితే సీసాలో పట్టి పరీక్ష చేయవచ్చు. ఆయన వంగి, ఆమె మొహం మీద ఇంకా మిగిలిన ఎర్రరంగును చేతి రుమాలుతో తుడిచాడు.

సోమవారం నుంచి ఆమె రోజూ వచ్చింది, ఆయన పక్కనే కూర్చొని బొమ్మలు వేసుకొంది. టైమెంతయిందని ఆమె అడిగితే ఆయన చెప్పేవాడు, ఆమె విని, లేచి వెళ్ళి గడియారం చూసుకొనేది.